చూనానా, చనానా? బేగంబజార్‌లో ఒక వ్యాపారుల గుడి గోడ కథ

మూడోసారి ప్లాస్టర్ చేయించిన గోడ మూడోసారి కూడా పెచ్చులూడిపోయాక నాకు ఫోన్ వచ్చింది, 2021 జులైలో. బేగంబజార్ వెనక సందుల్లో ఒక పాత లక్ష్మీగణపతి గుడి. చుట్టుపక్కల కిరాణా హోల్‌సేల్ వాళ్ళు, స్టీల్ గిన్నెల వాళ్ళు, డ్రైఫ్రూట్స్ వాళ్ళు పొద్దున షట్టర్ ఎత్తే ముందు తాళంచెవుల గుత్తి తెచ్చి దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, తీసుకుని పోతారు. గుడి పేరు రాయను, ట్రస్టు వాళ్ళకి ఇచ్చిన మాట అది, పైగా అంతకుముందు పని చేసిన కాంట్రాక్టర్ ఎవరో ఏంటో కూడా నాకనవసరం, ఆయన ప్లేసులో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. నేను సివిల్ ఇంజినీర్ని, పధ్నాలుగేళ్లుగా పాత బిల్డింగుల రిపేర్లే చేస్తున్నా. ఈ కేస్ రాయడానికి కారణం, దీంట్లో రోగం ఏంటో గోడ కంటే ముందు లెక్కల పుస్తకం చెప్పింది.

ఈ ఏరియాలో ఇట్లాంటి గుళ్ళు ఎందుకున్నాయో ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తా. రెండో నిజాం నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకి ఇచ్చిన జాగా కాబట్టి బేగంబజార్ అయింది. నిజాం సర్కారుకి అప్పులిచ్చిన ఇంగ్లీషువాళ్ళ పామర్ కంపెనీ 1820ల్లో కుప్పకూలాక ఆ పని ఎక్కువగా మార్వాడీ, గుజరాతీ సాహుకార్ల చేతికొచ్చింది, వాళ్ళల్లో పెద్ద పేరు సేఠ్ పూరణ్‌మల్‌ది, మంగళ్‌హాట్ దగ్గర సీతారాంబాగ్ గుడి కట్టించింది ఆయనే. సీతారాంబాగ్ అంటే కోటలాగా ఉంటుంది, మనది అంత సీన్ లేదు. చిన్న గర్భగుడి, ముందు టేకు దూలాల మీద ఇటుక మిద్దె వేసిన మండపం, రెండున్నర అడుగుల మందం ఇటుక గోడలు, అంతా సున్నం పని. మన కోమట్లకి కన్యకాపరమేశ్వరి ఎట్లాగో వీళ్ళకి దుకాణం గల్లాపెట్టె మీద లక్ష్మీ గణేశుడు అట్లా. గుమ్మానికి ఒక పక్క శుభ్, ఇంకో పక్క లాభ్, సిందూరంతో. వాళ్ళ లెక్కలో శుభ్, లాభ్ ఇద్దరూ గణేశుడి కొడుకులు.

మొదటి రోజు చూసిందేంటంటే, గర్భగుడి వెనక గోడకి లోపలివైపు నాలుగడుగుల ఎత్తు వరకూ పాలిష్ గ్రానైట్, దాని పైన చెమ్మ. గ్రానైట్ మీద చెయ్యి పెడితే పొడిగా చల్లగా బాగానే ఉంది, దాని పై అంచు నుంచి ఆరున్నర అడుగుల దాకా పెయింట్ బుడగలు, బుడగ నొక్కితే లోపల తెల్లటి ఉప్పు పొడి, దూది పింజలాగా. చూపుడు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నా (ఈ అలవాటు మంచిది కాదని మా ఆవిడ అంటుంది), చల్లగా చురుక్కుమంది, సూరాకారం రుచి. పాతబస్తీ గోడల్లో ఇది మామూలే, వందేళ్ల మురుగూ పశువుల మూత్రమూ నేలలో ఉంటాయి, నీళ్ళతో పాటు గోడెక్కుతాయి.

ట్రస్టు పెద్ద సేఠ్‌జీ మాత్రం ఫుల్ కాన్ఫిడెన్స్‌తో చెప్పాడు, 1908 సెప్టెంబర్‌లో మూసీ తుగ్యానీ వచ్చింది కదా, ఆ నీళ్ళే ఇంకా గోడలో ఉన్నాయి అని. అంత పెద్ద వరద కాబట్టి హైదరాబాద్‌లో ఏ గోడ తడిసినా దాని మీదకే నెట్టేస్తారు. నూట పదమూడేళ్లు గోడ తడి దాచుకోదు సేఠ్‌జీ, రెండు మూడు ఎండాకాలాలు చాలు ఆరడానికి అన్నా. నమ్మలేదు.

నేనూ పెద్ద పోటుగాణ్ణేం కాదు, మొదట తప్పే చేశా. మాయిశ్చర్ మీటర్ పెడితే వెనక గోడ మధ్యలో రీడింగ్ పీక్‌కి పోయింది, అక్కడే బయట పాత పైపు లైన్ ఉంది, ఇంకేముంది లీకేజీ అని రాసేసి సందులో తవ్వించా. పదకొండు రోజులు పోయాయి, రెండు దుకాణాల వాళ్ళతో గొడవ, పైపు చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఆ మీటరు కొలిచేది కరెంటు ఎంత బాగా పోతుందో అన్నది, ఉప్పు ఉన్న చోట కొంచెం తడికే కరెంటు జోరుగా పోతుంది, రీడింగ్ కూడా అట్లాగే ఎక్కువొస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, జూనియర్లకి చెప్తుంటా కూడా, అయినా స్క్రీన్ మీద నంబర్ కనబడితే మనిషి ఆగడు. తర్వాత బుద్ధిగా డ్రిల్‌తో వేరే వేరే ఎత్తుల్లో, వేరే వేరే లోతుల్లో పొడి తీసి, తూకం వేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ తూకం వేశాం. గ్రానైట్ వెనకాల, గోడ నడిమధ్యలో ఉంది అసలు తడి, పైపొర కంటే మూడింతలు.

అంటే నీళ్ళు కింద నుంచే వస్తున్నాయి. బయటకి పోదామంటే గ్రానైట్ అడ్డం, దాని వెనక సిమెంట్ అడ్డం, కాబట్టి ఇంకా పైకెక్కి మూత లేని చోట బయటపడుతున్నాయి. గ్రానైట్ ఎంత ఎత్తుకి వేస్తే చెమ్మ అంతకంటే పైకి పోతుంది. మూడు రిపేర్లలో ప్రతిసారీ ఊడినచోట ఇంకొంచెం గట్టి సిమెంట్ వేశారు, ప్రతిసారీ చెమ్మ ఒక అడుగు పైకి జరిగింది.

సరే, అయితే ఈ గుడి నూటయాభై ఏళ్లుగా ఇదే నేల మీద ఉంది కదా, ముందు ఎందుకు రాలేదు ఈ సమస్య? ఇక్కడే మునీంజీ వచ్చాడు.

మునీం అంటే పాత గుమస్తా, లెక్కలు రాసేవాడు. ఎనభై దాటాడు, ట్రస్టు లెక్కలు ఇప్పుడు ట్యాలీలో ఉన్నాయి గానీ పాత బహీలన్నీ ఆయన కస్టడీలోనే, ఎర్ర గుడ్డ అట్టలు, నిలువుగా మడిచే పొడుగు పుస్తకాలు, దారం చుట్టి చెక్క బీరువాలో. నేను చూసినవాటిలో అన్నింటికంటే పాతది సంవత్ 1931, అంటే 1874. నిజాం హాలీ సిక్కా రూపాయలు, బ్రిటిష్ కల్దార్ రూపాయలు రెండూ కనిపిస్తాయి, ఏడు హాలీలకి ఆరు కల్దార్లు, ఆ మార్పిడి ఆయన ఇప్పటికీ నోటితోనే చేసేస్తాడు. నాకు కావలసింది గుడి రిపేర్లకి ఎప్పుడు ఏం కొన్నారన్నది. ఆయన వేలు పెట్టి చదువుతూ పోతున్నాడు, నేను రాసుకుంటున్నా. ప్రతి ఏడాదీ దీపావళికి ముందు ఒకే ఎంట్రీ, చనా. మళ్ళీ తర్వాతి ఏడాది, చనా. ప్రసాదానికి శనగలేమో అనుకుని నేను రాసుకోవడం కూడా ఆపేశా.

వీళ్ళ పాత వ్యాపార లిపి మహాజనీ, దాంట్లో అచ్చు గుర్తులు దాదాపు ఉండవు, తలకట్టూ దీర్ఘమూ గుడీ ఏమీ రాయరు, హల్లులు గబగబా గీకేయడమే. మార్వాడీలే దీని మీద జోకులేసుకుంటారు, కాకాజీ అజ్మేర్ గయే అని ఉత్తరం రాస్తే ఇంట్లో వాళ్ళు కాకాజీ ఆజ్ మర్ గయే అని చదివి ఏడుపులు మొదలుపెట్టారని. ఆ జోకు మునీంజీయే చెప్పాడు నాకు, చెప్పి నవ్వి, మళ్ళీ వేలు పెట్టి చనా అని చదివాడు. అప్పుడు చూశా, దాని కింద లైన్లో బండి కిరాయి ఉంది. శనగలకి ఎద్దుల బండి ఎందుకు? దాని కింద లైను చదవమన్నా. సఫేదీ మజూరీ, ఇద్దరికి. అంటే వెల్ల వేసిన కూలి.

"మునీంజీ, ఇది చనా కాదేమో, చూనా, సున్నం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, రెండు నిమిషాలు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, "అరే, అరవై ఏళ్ల నుంచి శనగలనే చదువుతున్నా" అన్నాడు. తెలుగులోనే, వాళ్ళు ఇంట్లో మార్వాడీ, బజార్లో తెలుగూ దక్కనీ.

ఆ ఒక్క మాటతో పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరగేశాం. ఏటా దీపావళి ముందు బండెడు సున్నం, ఏ అయిదారేళ్లకో ఇటుక పొడి, ఎప్పుడన్నా ఒకసారి మిద్దె మీద గచ్చు దిమ్మిస కొట్టిన కూలీలు. పెద్ద రిపేరు అంటూ ఎక్కడా లేదు, అంతా చిల్లర ఖర్చే. చివరి చూనా ఎంట్రీ సంవత్ 2040, అంటే 1983. దానికి ఏడాది ముందే, 1982 ఫిబ్రవరిలో, సర్కారు సిమెంట్ మీద కంట్రోల్ కొంతమేర ఎత్తేసింది. అంతకుముందు సిమెంట్ అంటే పర్మిట్, క్యూ, సిఫారసు, అసలు సిమెంట్ దొరకడమే గొప్ప. దొరకడం మొదలవ్వగానే దాతలంతా అటే పడ్డారు, లెక్కల్లో సిమెంట్ బస్తాలు, తర్వాత ఆయిల్ పెయింట్, తర్వాత టైల్స్, తర్వాత గ్రానైట్. సున్నం మళ్ళీ కనబడలేదు. సున్నం పూత గోడలో తడిని బయటకి ఆరనిస్తుంది, ఇవేవీ ఆరనివ్వవు.

పుస్తకం చెప్పింది గోడ ఒప్పుకుంటుందా లేదా చూడాలి కదా. గుమ్మం కుడి పక్క శుభ్ రాసే చోటు ఎంచుకున్నా, అరచేతి అంత జాగా. సర్జికల్ బ్లేడుతో పొరలు మెట్లు మెట్లుగా గీకుతూ పోయాం, భూతద్దంతో. పైన ఒక వేలి మందం సిందూరం, నెయ్యి, ఆయిల్ పెయింట్ కలిసిపోయిన ఎర్రటి ముద్ద, లక్కలాగా గట్టిగా, వేడి చేస్తే గానీ ఊడలేదు. దాని కింద ఒక్కసారిగా సీన్ మారింది. తెలుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు, కాగితమంత సన్నని పొరలు, ఉల్లిపాయ కోసినట్టు. ఏటా వెల్ల వేయడం, దాని మీద సిందూరంతో శుభ్ అని రాయడం, వచ్చే ఏడాది మళ్ళీ వెల్ల. 57 జతలు లెక్కపెట్టా, ఆ తర్వాత కలిసిపోయాయి. సిందూరంలో నూనెని కొంత ఆ సున్నం పొర పీల్చుకుంది, కొంత వెల్లతో పాటు రాలిపోయింది, గోడ మూసుకుపోలేదు. పెయింట్ వచ్చాక పీల్చుకునేది ఏదీ లేదు, నెయ్యి మీద నెయ్యి పేరుకుంది. చేతిలో భూతద్దం పట్టుకుని అక్కడ చాలాసేపు కూర్చున్నా, పూజారి వచ్చి హారతి టైమైంది లేవమనే దాకా.

ఇప్పుడు అసలు కష్టం. గ్రానైట్ తీయాలి. ప్రతి పలక మీదా ఒక పేరుంది, ఫలానావారి జ్ఞాపకార్థం వారి కుమారులు అని చెక్కించి. పలక తీయడమంటే వాళ్ళ నాన్నని గుళ్ళోంచి బయటకి పంపినట్టే. మీటింగులో ఒకాయన లేచి నా మీద అరిచాడు కూడా, తప్పు పట్టను. నేను కేపిల్లరీ, ఆవిరి, పారగమ్యత అని ఏదేదో చెప్తుంటే సేఠ్‌జీ చెయ్యెత్తి ఆపి, తన వాళ్ళకి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు, నాకు జమా, నావే (లెక్కల్లో ఖర్చు వైపు) అన్న రెండు ముక్కలే అర్థమయ్యాయి. తర్వాత అడిగితే చెప్పాడు, గోడలో రోజూ నీళ్ళు జమ అవుతున్నాయి, ఖర్చు రాసే చోట మనమే పలక పెట్టి మూసేశాం, ఖాతా ఎట్లా సరిపోతుంది అన్నానని. నా అరగంట ప్రెజెంటేషన్ వేస్ట్. పలకలన్నీ తీసి ప్రాంగణం గోడకి ఇనుప ఫ్రేమ్ మీద, వెనక రెండంగుళాల గాలి వదిలి బిగించేలా ఒప్పందమైంది. పేర్లు ఇప్పుడు ఇంకా బాగా కనబడుతున్నాయి, దారిలోనే ఉన్నాయి కదా.

నవంబర్‌లో పలకలు ఊడదీశాం. వెనక గోడ నల్లగా, తడి గోనెసంచి వాసన. సిమెంట్ అంతా ఉలితో చెయ్యి పనిగా తీయించా, మెషిన్ వద్దన్నా, పాత ఇటుక మెత్తన కాబట్టి సిమెంట్‌తో పాటు ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. అప్పుడు చేసిన పని ఏంటంటే, ఏమీ చేయకపోవడం. గోడని అట్లా వదిలేశాం, వేసవి దాటే దాకా. మధ్యలో కాగితం గుజ్జూ బంకమట్టీ కలిపి గోడకి పట్టించి, అది ఆరాక తీసేస్తే ఉప్పు దాంతో పాటు వస్తుంది, అట్లా మూడుసార్లు. క్లయింటుకి అన్నింటికంటే కష్టమైన స్టేజ్ ఇదే, డబ్బులిచ్చి ఖాళీ గోడ చూస్తూ కూర్చోవాలి. వారానికోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి పని ఆగిపోయిందా అని అడిగేవాళ్ళు.

ఆ గ్యాప్‌లో మిద్దె పట్టుకున్నాం. 2020 అక్టోబర్ 13న వాన గుర్తుంది కదా, బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పైన పడింది, ఆ రాత్రి మండపం కారింది. కారినప్పుడల్లా పైన ఇంకో కోటింగ్ వేసుకుంటూ పోయారు. కోసి చూస్తే అసలు గచ్చు పైన సగటున ఆరంగుళాల సిమెంట్, టైలు, తారు. 54 చదరపు మీటర్ల మిద్దె, చదరపు మీటరుకి 300 కిలోలు వేసుకున్నా 16 టన్నుల పైమాటే, నూటయాభై ఏళ్ల టేకు దూలాల మీద. ఒక దూలం కొస గోడలోపల చెదపట్టి పొడైపోయింది, అక్కడికి స్టీల్ పట్టీలు వేసి అతికాం. మిగతావి గట్టిగానే ఉన్నాయి, టేకు కాబట్టి బతికిపోయాం. బరువంతా దించి, ఇటుక ముక్కలు సున్నం కలిపి పరిచి, పాలమూరు నుంచి వచ్చిన పన్నెండు మంది ఆడవాళ్ళు చెక్క బాదులతో ఆరు రోజులు కొట్టారు, తట్టు తట్టుకీ కరక్కాయ నీళ్ళు చల్లుకుంటూ. చప్పుడు మారుతుంది, మొదట ధబ్ ధబ్, గట్టిపడ్డాక టక్ టక్. అది విని ఆపేస్తారు.

సున్నం పిడుగురాళ్ళ నుంచి తెప్పించాం, రాయి సున్నమే, పొడి బస్తా కాదు. గుడి వెనక గుంట తీసి నీళ్ళలో వేస్తే కుతకుతా ఉడికింది, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళ కింద నలభై అయిదు రోజులు మగ్గబెట్టాం. మా పెద్ద మేస్త్రీ, కాకా అంటాను, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర రిపేరు పని జరిగినప్పుడు అక్కడ సున్నం చేసినవాడు, అక్కడా సిమెంట్ పీకి సున్నం వేశారు. ఆయన అలవాటు ప్రకారం గుడ్డు తెల్లసొన కలపాలన్నాడు. సేఠ్‌జీ మొహం చూడాల్సింది.

"కాకా, గుళ్ళో గుడ్డేంది?" అన్నా.

"మరి మినప్పప్పు నానేసిన నీళ్ళు పోస్త సార్, గది గూడ బంక పడ్తది. బెల్లం, కరక్కాయ ఎట్లాగూ ఉండె."

బెల్లం కొంచెం ఎక్కువైంది మొదటి లాట్‌లో. రెండో రోజు పొద్దున గోడ మీద చీమల బారు, గోడ మొత్తం. బెల్లం తక్కువ వేయాలి, ఎక్కువైతే సున్నం గట్టిపడటం కూడా లేటవుతుంది. ఆ ప్యాచ్ తీసేశాం. ఇంకో ప్యాచ్ బీటలిచ్చింది, కారణం రోబో సాండ్, అంటే రాయి పొడి చేసిన ఇసుక, డస్ట్ ఎక్కువున్న లోడ్ వచ్చింది, కడిగి జల్లించిన ఇసుకతో మళ్ళీ వేశాం. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుకా ఇటుక పొడీ కలిపి. తడి గోనెలు కప్పి పద్ధెనిమిది రోజులు. సున్నం గాల్లో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మళ్ళీ రాయి అవ్వాలి, దానికి తడీ కావాలి గాలీ కావాలి, తొందరపెడితే పొడిపొడిగా రాలుతుంది. ఫినాల్ఫ్తలీన్ చుక్క వేసి చూస్తే లోపల ఇంకా గులాబీ రంగే, అంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

బయటి వైపు సగం పనే చేయగలిగాం. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి సందు లెవెల్ గుడి పునాది రాయి కంటే రెండడుగులు పైకొచ్చింది, దాన్ని తవ్వించే శక్తి నాకూ లేదు, ట్రస్టుకీ లేదు. గోడ పక్కన అడుగున్నర వెడల్పు కాలువ తీసి కంకర నింపి వదిలేశాం. గోడ కింద ఒక అడుగు వరకు చెమ్మ ఉంటూనే ఉంటుందని రిపోర్టులో ముందే రాసిచ్చా, అక్కడ ప్లాస్టర్ నాలుగైదేళ్లకోసారి మార్చుకోవాలి, అది ఖర్చుల్లో రాసుకోండి అని.

2022 దీపావళి అక్టోబర్ 24. దానికి వారం ముందు వెల్ల వేశాం, పల్చగా అయిదు పూతలు. సిందూరంలో నెయ్యి మానేయమంటే పూజారి ససేమిరా అన్నాడు, నేను కూడా ఎక్కువ లాగలేదు, ఏటా వెల్ల పడితే చాలు. శుభ్, లాభ్ రాశారు. పూజలో కొత్త బహీ కూడా పెట్టారు, అసలు లెక్కలు ట్యాలీలోనే అయినా ఆ ఒక్క పేజీ చేత్తో రాస్తారు. సంవత్ 2079 కింద మునీంజీ ఆ ఏడు సున్నం ఖర్చు ఎక్కించాడు, మహాజనీలో కాదు, నాగరిలో, చ కింద కొమ్ము దీర్ఘంతో సహా, న పక్కన దీర్ఘంతో సహా. రాసి పుస్తకం నా వైపు తిప్పి చూపించాడు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు నేనే వెళ్ళి చూశా. మిద్దె కారలేదు. మండపంలో పగులుకి అడ్డంగా అతికించిన గాజు పట్టీ, తేదీ రాసి పెట్టింది, పగల్లేదు, అంటే పగులు పెరగలేదు. వెనక గోడ ఆరున్నర అడుగుల చెమ్మ దిగి అడుగుకి కొంచెం పైన ఆగింది. ఈశాన్యం మూల మాత్రం ఒక చోట ఇంకా వెల్ల పొడిపొడిగా రాలుతోంది, పక్క దుకాణం ఏసీ నీళ్ళ పైపు సరిగ్గా ఆ గోడ మీదే కారుతుంది, ఏడాది నుంచి అడుగుతున్నాం, పైపు జరుపుతాం అంటున్నారు, ఇంకా జరపలేదు.